స్నూకర్‌కి కొత్త తరం వస్తుందా, పిల్లల్ని ఈ ఆటలో పెట్టొచ్చా: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆట చూసేవాళ్ళు, పిల్లల్ని క్లబ్‌కి తీసుకెళ్ళే తల్లిదండ్రులు, క్లబ్ నడిపేవాళ్ళు అందరూ తిరిగి తిరిగి అవే అనుమానాలు అడుగుతున్నారు, ఎవరికి వాళ్ళకి విడిగా చెప్పే బదులు ఒక్కచోట రాసి పెడితే పనికొస్తుందని ఇది రాశా. ఏది కావాలంటే అది నేరుగా చదువుకోండి, వరసగా చదవక్కర్లేదు. నా అభిప్రాయం మాత్రం ముందే చెప్పేస్తా. స్నూకర్‌కి పైన ఏ లోటూ లేదు, డబ్బుంది, టీవీ ఉంది, గొప్ప ఆటగాళ్ళున్నారు. లోటంతా కింద ఉంది, పదేళ్ళ పిల్లోడు మొదటిసారి క్యూ (బాల్‌ని కొట్టే కర్ర) పట్టుకున్న రోజు నుంచి టూర్ (ప్రొఫెషనల్స్ ఏడాది పొడవునా ఆడే టోర్నీల వరస) గడప తొక్కే రోజు దాకా ఉన్న దారిలో.

## ఆట భవిష్యత్తు మీద అనుమానాలు

స్నూకర్ నిజంగా చచ్చిపోతోందా, ఊరికే అంటున్నారా?

చచ్చిపోవట్లేదు. 2009–10 సీజన్‌లో ర్యాంకింగ్ టోర్నీలు, అంటే ఆటగాళ్ళ ర్యాంకుకి లెక్కేసే ప్రొఫెషనల్ టోర్నీలు, మొత్తం ఆరే ఆరు. 2010లో ప్రమోటర్ బ్యారీ హెర్న్ ఆట పగ్గాలు తీసుకున్నాక అవి బాగా పెరిగాయి, ఇప్పుడు వరల్డ్ ఛాంపియన్‌కి ఒక్క టోర్నీలోనే 5 లక్షల పౌండ్లు వస్తున్నాయి. అంటే ప్రొఫెషనల్ ఆట ఆరోగ్యంగానే ఉంది. కానీ చూసేవాళ్ళు వేరు, ఆడేవాళ్ళు వేరు. 1985లో డెనిస్ టేలర్, స్టీవ్ డేవిస్ వరల్డ్ ఫైనల్ ఆఖరి బ్లాక్ బాల్ దాకా వెళ్తే బ్రిటన్‌లో 1 కోటి 85 లక్షల మంది అర్ధరాత్రి దాటాక కూడా మేలుకొని చూశారు, అది చూసిన పిల్లలకి మర్నాడు వెళ్ళి ఆడటానికి వీధి చివర ఒక క్లబ్ ఉండేది. ఇప్పుడు చూసే పిల్లలున్నారు, వెళ్ళడానికి క్లబ్ లేదు. అనుమానం రావాల్సింది ఇక్కడ.

క్లబ్‌లు ఎందుకు మూతపడుతున్నాయి?

లెక్క చాలా సింపుల్. ఒక ఫుల్ సైజు టేబుల్ 12 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, చుట్టూ క్యూ ఆడటానికి జాగా వదిలితే ఒక్క టేబుల్‌కే దాదాపు 22 అడుగులు ఇంటూ 16 అడుగుల చోటు పోతుంది, అందులో ఒకేసారి ఆడేది ఇద్దరు. అదే చోటులో చిన్న పూల్ టేబుళ్ళు రెండు పడతాయి, జిమ్ పెడితే ఇంకా ఎక్కువమంది పడతారు. అద్దెలు పెరిగిన ప్రతిచోటా స్నూకర్ టేబుల్ మీదే మొదట వేటు పడుతుంది. బ్రిటన్‌లో ఇంకో దెబ్బ కూడా తగిలింది, స్కాట్లాండ్‌లో 2006లో, ఇంగ్లాండ్‌లో 2007లో పబ్లిక్ చోట్ల పొగ తాగడం ఆపేశాక పాత కస్టమర్లు తగ్గారు. నా దృష్టిలో ఆ నిషేధం పిల్లలకి మంచే చేసింది, పొగలో కూర్చోబెట్టి పిల్లలకి ఆట నేర్పే రోజులు పోయాయి. కాకపోతే పెద్దవాళ్ళు ఖాళీ చేసిన ఆ గంటల్లోకి పిల్లల్ని తీసుకురావాలన్న ఆలోచన చాలా క్లబ్‌లకి సమయానికి రాలేదు.

ఇప్పటికీ రోనీ, హిగ్గిన్స్, విలియమ్స్ పేర్లే వినిపిస్తున్నాయి, కుర్రాళ్ళు ఏరి?

ముగ్గురూ 1975లో పుట్టారు, ముగ్గురూ 1992లో ప్రొఫెషనల్స్ అయ్యారు. రోనీ ఓసలివన్ 2022లో 46 ఏళ్ళకి ఏడో వరల్డ్ టైటిల్ కొట్టాడు, మార్క్ విలియమ్స్ 2025లో 50 ఏళ్ళ వయసులో వరల్డ్ ఫైనల్ ఆడాడు. వాళ్ళ గొప్పతనం గురించి రెండో మాట లేదు. కానీ వాళ్ళు ఎక్కడ తయారయ్యారో కూడా చూడాలి. 80ల్లో క్లబ్‌లు కిటకిటలాడేవి, పన్నెండేళ్ళ పిల్లోడు రోజూ పెద్దవాళ్ళతో తలపడేవాడు, వారం వారం ఏదో ఒక జూనియర్ పోటీ ఉండేది, ఒకే వయసు వాళ్ళు వందలమంది ఒకరినొకరు తోసుకుంటూ పైకి వచ్చారు. 2020లో రోనీ ఇప్పటి కుర్రాళ్ళ స్థాయి బాలేదని, తను టాప్ 50లోంచి పడిపోవాలంటే ఒక చెయ్యీ ఒక కాలూ పోవాలని టీవీలోనే అన్నాడు. మాట కటువుగా ఉంది కానీ పూర్తిగా తప్పని నేననను. పిల్లల్లో టాలెంట్ తగ్గలేదు, రోజూ తమకంటే గట్టివాళ్ళతో ఓడిపోయే అవకాశం తగ్గింది.

చైనా పిల్లలే ముందుకెళ్తున్నారు, వాళ్ళు అంత కొత్తగా ఏం చేశారు?

2005లో డింగ్ జున్‌హుయ్ 18 ఏళ్ళకి చైనా ఓపెన్ ఫైనల్లో పెద్ద స్టార్ స్టీఫెన్ హెండ్రీని 9–5 ఫ్రేములతో (మ్యాచ్‌లో ఉండే విడి ఆటల్ని ఫ్రేములంటారు) ఓడించాడు, అక్కడ మొదలైంది కథ. ఒక హీరో దొరికాడు, ఆ వెనకాల చేయాల్సిన పని కూడా వాళ్ళు చేశారు, చాలా దేశాలు హీరో దొరగ్గానే ఆగిపోతాయి. టేబుళ్ళు తమ దేశంలోనే తయారు చేసుకున్నారు, ఇప్పుడు ప్రొఫెషనల్ టూర్‌లో వాడే స్టార్ టేబుళ్ళు కూడా అక్కడివే. 2013లో బీజింగ్‌లో అకాడమీ పెట్టారు. పెద్ద టోర్నీలు ఏటా తమ ఊళ్ళలో జరిగేలా చూశారు. కాస్త ఆడగలిగిన కుర్రాళ్ళని ఇంగ్లాండ్‌లోని షెఫీల్డ్ పంపారు, అక్కడ చైనా ఆటగాళ్ళ కోసమే నడిచే అకాడమీలున్నాయి, ఒకే హాల్లో పక్కపక్క టేబుళ్ళ మీద టూర్‌లో ఆడేవాళ్ళు, టూర్‌లోకి రావాలనుకునేవాళ్ళు కలిసి ప్రాక్టీస్ చేస్తారు.

ఫలితం 2025లో వచ్చింది. జావో షింటాంగ్ అమెచ్యూర్‌గా నాలుగు క్వాలిఫయింగ్ రౌండ్లు దాటి క్రూసిబుల్‌కి (వరల్డ్ ఛాంపియన్‌షిప్ జరిగే షెఫీల్డ్‌లోని హాలు) వచ్చి, సెమీఫైనల్లో రోనీని 17–7తో, ఫైనల్లో విలియమ్స్‌ని 18–12తో ఓడించి ఆసియా నుంచి మొదటి వరల్డ్ ఛాంపియన్ అయ్యాడు. 2005 నుంచి 2025 దాకా చూస్తే ఇరవై ఏళ్ళు. ఒక తరం తయారవ్వాలంటే ఎంత టైమ్ పడుతుందో అనుకునేవాళ్ళు ఈ అంకె గుర్తుపెట్టుకోవాలి.

చైనా కుర్రాళ్ళ ఫిక్సింగ్ గొడవ చూశాక పిల్లల్ని ఈ ఆటలో పెట్టాలంటే భయంగా ఉంది

భయం సహజమే. 2023లో పదిమంది చైనా ఆటగాళ్ళకి శిక్షలు పడ్డాయి, ఇద్దరికి జీవితకాల నిషేధం, 20 ఏళ్ళకే మాస్టర్స్ అనే పెద్ద టోర్నీ గెలిచిన యాన్ బింగ్‌టావోకి ఐదేళ్ళు. జావోకి కూడా 20 నెలలు పడింది, తను మ్యాచ్ ఫిక్స్ చేయలేదు గానీ ఇంకొకరు చేయడంలో భాగం ఉందని, బెట్టింగ్ కూడా పెట్టాడని. ఇందులో తల్లిదండ్రులు, కోచ్‌లు గమనించాల్సింది ఒకటుంది. ఇల్లు వదిలి, భాష రాని దేశంలో, చిన్న వయసులో, చేతిలో పెద్దగా డబ్బు లేకుండా ఉన్న కుర్రాళ్ళ మీద ఒక సీనియర్ పట్టు సాధిస్తే ఏమవుతుందో ఇది చూపించింది. కాబట్టి కోచింగ్‌లో స్టాన్స్ (నిలబడే తీరు), బ్రిడ్జ్‌తో (క్యూని ఆనించే చెయ్యి) పాటే ఇది కూడా నేర్పాలి, ఎవరైనా ఒక్క ఫ్రేమ్ గురించి డబ్బు మాట ఎత్తితే ఆ రోజే చెప్పేయాలని, చెప్పకపోవడం కూడా నేరమేనని. పదమూడేళ్ళకే చెప్పండి, పద్దెనిమిదికి చెప్తే లేటు.

ఒలింపిక్స్‌లో లేని ఆటకి భవిష్యత్తు ఏముంటుంది?

2024 పారిస్ ఒలింపిక్స్ కోసం క్యూ స్పోర్ట్స్ వాళ్ళు గట్టిగా ప్రయత్నించారు, కుదరలేదు. వరల్డ్ గేమ్స్‌లో 2001 నుంచి ఉంది, ఏషియన్ గేమ్స్‌లో 1998 నుంచి 2010 దాకా ఉండి ఆగిపోయింది. ఒలింపిక్స్ వల్ల ప్రొఫెషనల్స్‌కి పెద్దగా కలిసొచ్చేది లేదు, కానీ జూనియర్స్‌కి చాలా తేడా. చాలా ప్రభుత్వాలు ఒలింపిక్ ఆటలకే కోచ్‌ల జీతాలు, హాళ్ళు, ప్రయాణ ఖర్చులు ఇస్తాయి. ఆ లిస్టులో లేకపోతే అన్నీ కుటుంబమే పెట్టుకోవాలి. అందుకే ఈ ప్రయత్నం వదలకూడదు అంటాను.

మన దగ్గర పెద్ద టోర్నీ పెడితే పిల్లలు వాళ్ళే వస్తారు కదా?

ఒక్క టోర్నీతో రారు. ఇండియన్ ఓపెన్ చూడండి. 2013 ఢిల్లీ, 2015 ముంబై, 2016 హైదరాబాద్, 2017 విశాఖపట్నం, 2019 కొచ్చి. మొదటిసారే ఆదిత్య మెహతా ఫైనల్ దాకా వెళ్ళాడు, ర్యాంకింగ్ ఫైనల్ ఆడిన మొదటి భారతీయుడు అయ్యాడు, డింగ్ చేతిలో ఓడాడు. అంతకంటే మంచి ఆరంభం ఏ దేశానికీ దొరకదు. కానీ టోర్నీ ఊరు మారుతూ పోయింది, తర్వాత ఆగిపోయింది, అది చూసి ఉత్సాహపడ్డ పిల్లలకి మర్నాటి నుంచి ఏం చేయాలో చెప్పే ఏర్పాటు ఎక్కడా పక్కాగా లేదు. టోర్నీ జరిగే వారంలోనే ఆ ఊళ్ళో పిల్లల బ్యాచ్ మొదలవ్వాలి, టోర్నీ వెళ్ళిపోయాక కూడా ఆ బ్యాచ్ నడవాలి, అలా చేసినచోట మాత్రమే ఫలితం ఉంటుంది.

ఆట నెమ్మది, ఈ కాలం పిల్లలకి ఓపిక లేదు, రూల్స్ మార్చాలేమో?

షూట్ అవుట్ అని పది నిమిషాల ఫ్రేమ్, షాట్‌కి 15 సెకన్లు, ఆఖరి ఐదు నిమిషాల్లో 10 సెకన్లు, అలాంటివి ఉన్నాయి, ఆరు ఎర్ర బాల్స్‌తో ఆడే సిక్స్ రెడ్ ఉంది. పిల్లల్ని దగ్గరికి తేవడానికి ఇవి మంచివే. కానీ అసలు ఆటని మార్చడానికి నేను ఒప్పుకోను. ఎనిమిదేళ్ళ పిల్లలు చదరంగం ముందు గంటలు గంటలు కూర్చుంటున్నారు, కాబట్టి ఓపిక లేదనే మాట నమ్మను. పిల్లలకి విసుగొచ్చేది వేరే దానికి, ఎదుటివాడు వరసగా నలభై పాయింట్లు కొడుతుంటే తనకి ఛాన్సే రాకుండా కుర్చీలో కూర్చోవాల్సి వచ్చినప్పుడు. అందుకే మొదట్లో చిన్న ఫ్రేములు, ఎక్కువ ఛాన్సులు ఉండాలి.

## మొదలుపెట్టేటప్పుడు

ఏ వయసులో మొదలుపెట్టాలి? మా వాడికి టేబుల్ అందట్లేదు

టేబుల్ ఎత్తు సుమారు 86 సెంటీమీటర్లు. పిల్లోడు వంగి, గడ్డం క్యూకి తగిలేలా, మడమలు నేల మీద ఉంచి నిలబడగలిగితే చాలు, అది కొందరికి ఎనిమిదేళ్ళకి వస్తుంది, కొందరికి పదికి. అందకముందే పెద్ద టేబుల్ ఎక్కిస్తే మునివేళ్ళ మీద నిలబడటం, మోచెయ్యి పక్కకి తిప్పడం అలవాటవుతాయి, అవి తర్వాత పోగొట్టడం చాలా కష్టం. రోనీ పదేళ్ళకే సెంచరీ (ఒకే ఛాన్స్‌లో వంద పాయింట్లు) కొట్టాడు నిజమే, కానీ పన్నెండు పదమూడేళ్ళకి మొదలుపెట్టి పైకొచ్చినవాళ్ళున్నారు. హెండ్రీకి మొదటి చిన్న టేబుల్ దొరికింది దాదాపు పన్నెండేళ్ళప్పుడు, 21 ఏళ్ళకి వరల్డ్ ఛాంపియన్ అయ్యాడు.

ఇంట్లో చిన్న టేబుల్ మీద ఆడితే అలవాట్లు చెడిపోతాయా?

చెడిపోవు. ఆరడుగుల టేబుల్ మీద కూడా నిలబడే తీరు, క్యూ సూటిగా వెళ్ళడం, తెల్ల బాల్‌ని ఎక్కడ ఆపాలో ఆలోచించడం అన్నీ నేర్చుకోవచ్చు. రానిది ఒకటే, లాంగ్ పాట్‌లో (దూరంగా ఉన్న బాల్‌ని పాకెట్‌లో వేయడం) వచ్చే దూరం, ఆ దూరానికి కావాల్సిన అదుపు. అది పెద్ద టేబుల్ మీదే వస్తుంది. రెండు మూడేళ్ళు చిన్నదాని మీద ఆడి మెల్లగా మారితే సరిపోతుంది.

క్యూ ఏది కొనాలి?

ఖరీదైనది వద్దు. రూల్ ప్రకారం క్యూ మూడడుగులకి తక్కువ ఉండకూడదు, పెద్దవాళ్ళు మామూలుగా 57–58 అంగుళాలది వాడతారు, పిల్లలకి పొట్టిది కావాలి, భుజం దాకా వస్తే బావుంటుంది. వంకర లేకుండా ఉండాలి, టిప్ (క్యూ కొసన బాల్‌కి తగిలే తోలు ముక్క) మంచిదై ఉండాలి, అంతే. ఒకసారి కొన్నాక మాటిమాటికీ మార్చకండి, క్లబ్ గోడకి ఉన్న ఏదో ఒక క్యూతో రోజుకొకటి ఆడటం అసలు మంచిది కాదు.

క్లబ్ వాతావరణం పిల్లలకి మంచిదేనా?

క్లబ్‌ని బట్టి. వెళ్ళి ఒక సాయంత్రం కూర్చుని చూడండి. పిల్లలకి వేరే టైమ్ ఉందా, తాగేచోటు వేరుగా ఉందా, పందేల ఆటలు పక్క టేబుల్ మీదే జరుగుతున్నాయా, పిల్లల బ్యాచ్‌కి ఒక పెద్దమనిషి బాధ్యతగా ఉన్నాడా. ఇవన్నీ సరిగ్గా ఉంటే ఈ ఆట పిల్లలకి ఇచ్చేది తక్కువేం కాదు. క్యూ చివర బాల్‌కి తగిలిందని రిఫరీ చూడకపోయినా తనే ఫౌల్ అని ఒప్పుకోవడం ఈ ఆటలో మామూలు విషయం, టీవీలో కోట్ల విలువైన మ్యాచ్‌లో కూడా అలాగే చేస్తారు.

మా అమ్మాయికి ఆసక్తి ఉంది, అమ్మాయిలకి దారి ఉందా?

ఉంది. మహిళలకి వేరే వరల్డ్ టూర్ ఉంది, రియాన్ ఎవాన్స్ అక్కడ 12 సార్లు వరల్డ్ ఛాంపియన్. 2021 నుంచి ఆ టూర్ పైస్థానాల్లో ఉన్నవాళ్ళకి మెయిన్ టూర్ కార్డ్ కూడా ఇస్తున్నారు. థాయ్‌లాండ్ నుంచి మింక్ నుచ్చరుత్, చైనా నుంచి బై యూలూ అలా వచ్చినవాళ్ళే, బై 2024, 2025 వరసగా గెలిచింది. శరీర బలం మీద ఆధారపడే ఆట కాదు కాబట్టి అమ్మాయిలు వెనకబడటానికి ఆటలో కారణమేం లేదు, చిన్నప్పటి నుంచి టేబుల్ మీద గడిపే గంటల్లోనే తేడా. క్లబ్‌లో ఒక్క అమ్మాయే ఉంటే ఆరు నెలల్లో మానేస్తుంది, అందుకని ఇద్దరు ముగ్గుర్ని కలిపి ఒకేసారి చేర్చండి, ఇది నేను గట్టిగా చెప్పే మాట.

## నేర్చుకునే దశ

కోచ్ తప్పనిసరా, వీడియోలు చూసి నేర్చుకుంటే రాదా?

మొదటి ఏడాది కోచ్ కావాలి, తర్వాత అప్పుడప్పుడు చూపిస్తే చాలు. ఎందుకంటే మొదట్లో వచ్చే తప్పులు ఆడేవాడికి కనపడవు, షాట్ కొట్టేటప్పుడు తల లేపుతున్నాడా, గ్రిప్ బిగిస్తున్నాడా, వెనక్కి లాగిన క్యూని ఆపకుండా కొట్టేస్తున్నాడా అన్నవి పక్కన నిలబడ్డ మనిషికే తెలుస్తాయి. కోచ్ దొరక్కపోతే ఫోన్‌ని పాకెట్ వెనక పెట్టి ఎదురుగా వీడియో తీయండి, క్యూ సూటిగా వస్తోందో లేదో కనిపిస్తుంది. మంచి కోచ్‌కి గుర్తు ఏంటంటే అందరి చేతా ఒకేలా నిలబడమనడు, ఛాంపియన్లలో కూడా ఒకరిలా ఇంకొకరు నిలబడరు.

రోజుకి ఎన్ని గంటలు ఆడాలి?

పది పన్నెండేళ్ళ వాళ్ళకి గంట, గంటన్నర, కానీ దాన్ని పద్ధతిగా వాడాలి. మొదటి పావుగంట తెల్ల బాల్ ఒక్కటే, బ్రౌన్ స్పాట్ (బ్రౌన్ బాల్ పెట్టే గుర్తు) మీద పెట్టి బ్లూ, పింక్, బ్లాక్ స్పాట్ల మీదుగా సూటిగా కొడితే పై కుషన్‌కి (టేబుల్ అవతలి చివర అంచు) తగిలి తిరిగి క్యూ టిప్‌కే రావాలి. రాలేదంటే టిప్ బాల్ మధ్యలో కాకుండా పక్కకి తగులుతోందని అర్థం. విసుగ్గా ఉంటుంది, అయినా దీన్ని మించిన ప్రాక్టీస్ లేదు. తర్వాత కలర్స్ ఆరూ వాటి స్పాట్ల మీద పెట్టి ఎల్లో నుంచి బ్లాక్ దాకా వరసగా. తర్వాత లైనప్, అంటే ఎర్ర బాల్స్‌ని టేబుల్ మధ్యగీత మీద వరసగా పేర్చి ఎరుపు, కలర్, ఎరుపు, కలర్ అని ఎన్ని వస్తాయో చూడటం, స్కోర్ రాసుకోవడం. చివర్లో ఎవరితో అయినా ఒక ఫ్రేమ్. సీరియస్‌గా టూర్ అనుకునే పదహారేళ్ళవాళ్ళు నాలుగైదు గంటలు చేస్తారు, ఏడెనిమిది గంటలు ఒంటరిగా కొట్టడం కంటే అందులో సగం టైమ్ గట్టివాడితో మ్యాచ్ ఆడటం మేలు.

ప్రాక్టీస్‌లో సెంచరీలు కొడతాడు, మ్యాచ్‌లో ముప్పై కూడా రావట్లేదు, ఎందుకు?

ఇది అడగని తల్లిదండ్రులు లేరేమో. మూడు కారణాలు చూడండి. మొదటిది పాకెట్లు, చాలా క్లబ్ టేబుళ్ళ పాకెట్లు వదులుగా ఉంటాయి, పాకెట్ మూలకి తగిలిన బాల్ కూడా పడిపోతుంది, పోటీ టేబుల్ మీద అదే బాల్ ఊగి బయటికొచ్చేస్తుంది. రెండోది క్లాత్, టూర్ టేబుళ్ళకి కింద హీటర్లుంటాయి, క్లాత్ పల్చన, బాల్ చాలా దూరం పరిగెత్తుతుంది. మూడోది పెద్దది, ప్రాక్టీస్‌లో ఎర్ర బాల్స్ విడగొట్టి పెట్టుకుని మొదలెడతారు, మ్యాచ్‌లో మొదటి ఛాన్స్ రావడానికే పది నిమిషాల సేఫ్టీ (ఎదుటివాడికి ఛాన్స్ దొరక్కుండా చేసే ఆట) ఆడాలి. సేఫ్టీ ఎవరూ ప్రాక్టీస్ చేయరు. బ్రేక్ షాట్ (ఫ్రేమ్ మొదటి షాట్) దగ్గర్నుంచి ఎర్ర బాల్ ఒక్కటీ పాట్ చేయకుండా తెల్ల బాల్‌ని బాక్ కుషన్‌కి (ఆట మొదలెట్టే వైపు అంచు) అంటించి ఆపే ఆట ఒకటి పెట్టండి, ఎవరు ముందు ఎదుటివాడికి పాట్ చేసే ఛాన్స్ వదిలితే వాళ్ళు ఓడినట్టు. ఒక నెలలో తేడా కనిపిస్తుంది.

చదువు మానిపించి పూర్తిగా ఇందులో పెట్టొచ్చా?

వద్దు. టూర్‌లో ఉండేది దాదాపు 128 మంది, అందులో బాగా బతికేది అంతకంటే చాలా తక్కువమంది. పైగా ఈ ఆట ముప్పై, నలభై ఏళ్ళ దాకా తలుపు మూయదు. స్టువర్ట్ బింగమ్ 1995లో ప్రొఫెషనల్ అయ్యి 2015లో 38 ఏళ్ళకి వరల్డ్ ఛాంపియన్ అయ్యాడు. పద్దెనిమిది లోపు ఏదో తేలిపోవాలన్న తొందర ఈ ఆటకి అవసరం లేదు. స్కూల్ టైమ్ సర్దుకోవడం, కొన్నాళ్ళు దూరవిద్య, అంతవరకు సరే.

## పోటీలు, టూర్

ప్రొఫెషనల్ అవ్వాలంటే ఏం చేయాలి?

టూర్ కార్డ్ రావాలి, అది రెండేళ్ళకి ఇస్తారు. దారులు చాలానే ఉన్నాయి, క్యూ స్కూల్ అనే క్వాలిఫయింగ్ పోటీలు, ఏడాది పొడవునా జరిగే అమెచ్యూర్ క్యూ టూర్, వరల్డ్, యూరప్ లాంటి అమెచ్యూర్, జూనియర్ ఛాంపియన్‌షిప్‌లు. ఏ పోటీకి ఎన్ని కార్డులు అన్నది ఏటా కొంచెం మారుతుంటుంది, ఆ ఏడాది రూల్స్ చూసుకుని ప్లాన్ చేయండి. వయసు అడ్డు కాదు, ఉక్రెయిన్ కుర్రాడు యులియన్ బోయ్‌కో 2020లో, పోలండ్ కుర్రాడు మిఖావ్ షుబార్చిక్ 2025లో 14 ఏళ్ళకే టూర్‌లోకి వచ్చారు. నా మాట అడిగితే కార్డ్ తొందరగా రావడం కంటే అమెచ్యూర్ పోటీల్లో గెలవడం అలవాటయ్యాక రావడం మంచిది.

టూర్‌లోకి వస్తే డబ్బు వచ్చేస్తుందా?

పైవాళ్ళకి చాలా వస్తుంది. 2024లో సౌదీలో జెద్దాలో జరిగిన మాస్టర్స్ గెలిచినందుకు జడ్ ట్రంప్‌కి 5 లక్షల పౌండ్లు. కొత్తగా వచ్చినవాడి సంగతి వేరు. జీతం ఉండదు, ప్రైజ్ మనీ మాత్రమే, అందులోంచే విమానాలు, హోటళ్ళు, ప్రాక్టీస్ టేబుల్ ఖర్చు. 2022–23 నుంచి టూర్ ఆటగాడికి సీజన్‌కి కనీసం 20,000 పౌండ్లు వచ్చేలా గ్యారంటీ పెట్టారు, అది మంచి పని, కానీ చైనాకి, యూరప్‌కి అటూ ఇటూ తిరిగితే అందులో మిగిలేది తక్కువ. బ్రిటన్ బయట ఉన్న కుర్రాళ్ళకి వీసాలు, అక్కడ ఇల్లు, ఆ ఖర్చు అదనం. ఇంకోటి కూడా గుర్తుండాలి, ఒకప్పుడు ఈ ఆట సిగరెట్ కంపెనీల డబ్బు మీద నడిచింది, వరల్డ్ ఛాంపియన్‌షిప్‌కి 1976 నుంచి 2005 దాకా అదే స్పాన్సర్, చట్టం వచ్చాక ఆ డబ్బు ఆగిపోయింది. ఒక్కచోటి నుంచి వచ్చే డబ్బు ఎప్పుడైనా ఆగొచ్చు, అందుకే ఇప్పుడు వస్తున్నదాంట్లో కొంతైనా జూనియర్స్‌కి పెట్టాలని నేను అడుగుతూనే ఉంటాను.

రెండేళ్ళలో కార్డ్ పోయింది, మా వాడి కెరీర్ అయిపోయినట్టేనా?

కాదు. కొత్తవాడు సున్నా పాయింట్లతో మొదలవుతాడు, రెండేళ్ళయ్యేసరికి టాప్ 64లో లేకపోతే కార్డ్ పోయే పరిస్థితి వస్తుంది, మొదటి ప్రయత్నంలో నిలబడేవాళ్ళు తక్కువ. లూకా బ్రెసెల్‌ని చూడండి, 2012లో 17 ఏళ్ళకే క్రూసిబుల్‌లో ఆడాడు, ఆ తర్వాత 2023 వరకు అక్కడ ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు, ఆ ఏడాది ఏకంగా వరల్డ్ టైటిల్ కొట్టేశాడు. కార్డ్ పోయినప్పుడు చేయాల్సింది ఒకటే, ఒకట్రెండు నెలలు ఆగి, ఆ రెండేళ్ళ మ్యాచ్‌లు తీసి ఎక్కడ ఫ్రేములు పోయాయో చూసి, మళ్ళీ అమెచ్యూర్ పోటీలకి వెళ్ళడం. ఇంట్లోవాళ్ళు ఆ నెలల్లో డబ్బు లెక్కలు ఎత్తకుండా ఉంటే చాలా సాయం.

స్నూకర్ వదిలేసి పూల్‌కో, హేబాల్‌కో వెళ్ళడం నయమా?

చైనాలో హేబాల్‌కి (పూల్ లాంటి ఆట) పెద్ద ప్రైజ్ మనీ వచ్చాక చాలామంది కుర్రాళ్ళు అటు చూస్తున్నారు, టేబుల్ చిన్నది, తొందరగా వస్తుంది, క్లబ్‌లు కూడా ఎక్కువ. వెళ్ళినా తప్పులేదు, రెండూ ఆడొచ్చు. మార్క్ సెల్బీ 2006లో ఎయిట్‌బాల్ పూల్‌లో వరల్డ్ ఛాంపియన్ అయ్యాకే స్నూకర్‌లో నాలుగు వరల్డ్ టైటిల్స్ కొట్టాడు. పదిహేనేళ్ళ లోపు మాత్రం పెద్ద టేబుల్ వదలొద్దు, అక్కడ నేర్చుకున్న ఖచ్చితత్వం చిన్న టేబుల్ మీద పనికొస్తుంది, అటు నుంచి ఇటు రావడం కష్టం.

## క్లబ్ నడిపేవాళ్ళకి

పిల్లలకి తక్కువ రేటుకి టేబుల్ ఇస్తే నాకు నష్టం కదా?

మధ్యాహ్నం నుంచి సాయంత్రం ఐదు దాకా మీ టేబుళ్ళు ఎలాగూ ఖాళీగానే ఉంటాయి, లైట్ వేయని టేబుల్ రూపాయి కూడా తేదు. ఆ గంటలు పిల్లలకి నెలవారీ ఫీజు మీద ఇవ్వండి. ఇంకోటి, తీసుకొచ్చే తల్లిదండ్రులు ఊరికే కూర్చోరు, వాళ్ళూ ఒక క్యూ పట్టుకుంటారు. టేబుల్ కూడా బాగుంచండి, రోజూ బాక్ వైపు నుంచి పై కుషన్ వైపుకి ఒకే దిక్కులో బ్రష్ చేయడం, అప్పుడప్పుడు ఇస్త్రీ. పాడైన క్లాత్ మీద నేర్చుకున్న పిల్లోడు షాట్ తనది తప్పో టేబుల్‌ది తప్పో తెలియక నిరుత్సాహపడతాడు.

ఒకే టేబుల్ ఉంది, పదిమంది పిల్లలున్నారు, ఎలా నడపాలి?

నడుస్తుంది. ఇద్దరు ఆడతారు, ఒకడు స్కోర్ రాస్తాడు, ఒకడు రిఫరీగా కలర్స్ తీసి స్పాట్ మీద పెడతాడు, మిగతావాళ్ళు పక్కన కుర్చీలో తర్వాతి షాట్ ఏంటో చెప్పాలి, ఊరికే ఫోన్ చూడటం కుదరదు. ఫ్రేములు ఆరు ఎర్ర బాల్స్‌తోనే. వారంలో ఒకరోజు ఛాలెంజ్ పెట్టండి, మూడు ఎరుపులు, బ్లాక్ అందరికీ ఒకే పొజిషన్‌లో పెట్టి తలా ఒక్క ఛాన్స్, ఎవరికెంత వచ్చిందో తేదీతో సహా బోర్డు మీద రాయండి, పిల్లోడు తనని తను గత నెలతో పోల్చుకుంటాడు. ఆదివారం పెద్దవాళ్ళతో హ్యాండిక్యాప్ మ్యాచ్‌లు, చిన్నోడికి ముప్పై నలభై పాయింట్లు ముందే ఇచ్చి మొదలెట్టడం. అక్కడ ఓడినా గెలిచినా వాడికి దొరికేది గట్టి ఆట. ఇక ఫీజు కట్టలేని పిల్లలు తప్పకుండా ఉంటారు, వాళ్ళకి ఆదివారం స్కోరర్ పని ఇవ్వండి, దానికి బదులుగా వారంలో రెండు గంటలు టేబుల్ ఫ్రీగా ఇవ్వండి, బ్యాచ్‌లో మిగతావాళ్ళకి ఆ సంగతి తెలియాల్సిన పనిలేదు.